.375 రైఫిల్‌కు బరువు బుల్లెట్: 300 గ్రెయిన్లా, 270 గ్రెయిన్లా?

నేను చెప్పబోయే రైఫిల్ .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం. .375 అంటే బుల్లెట్ వ్యాసం, అంగుళాల్లో. గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలిచే చిన్న ప్రమాణం, 300 గ్రెయిన్లు దాదాపు 19.4 గ్రాములు. ములుగు వైపు ఒక కుటుంబానిది. తాతగారు ఇంగ్లండుకు కొలతలు పంపి, ఆర్డరిచ్చి చేయించుకున్నారు. మౌజర్ 98 యాక్షన్ (తూటాను లోపలికి తోసి బిగించే బోల్టు యంత్రాంగం), 25 అంగుళాల బ్యారెల్, వాల్‌నట్ చెక్క కట్ట (స్టాక్). లైసెన్సు తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి వచ్చింది. మనవడు ఇప్పుడు పంటల మీద పడే అడవిపందులను కాల్చడానికి అటవీ శాఖ పెట్టుకున్న షూటర్ల జాబితాలో ఉన్నాడు. హన్మకొండలో తుపాకులు బాగుచేసే నా వర్క్‌షాపుకు ఆ మనవడు, వాళ్ళ నాన్న, తండ్రీకొడుకులిద్దరూ కలిసే వచ్చారు. రైఫిల్ సర్వీసింగ్ ఒక పని, ఏ బుల్లెట్ కొనాలో తేల్చుకోవడం ఇంకో పని. రెండో దాని మీద వాళ్ళిద్దరికీ పొసగలేదు.

"దొడ్డు గుండు పెట్టాలె. పంది దెబ్బకు కూలాలె, మల్ల లేవొద్దు" అన్నారు పెద్దాయన.

"కాకా, 300 గ్రెయిన్లదైతే పందిలకెల్లి పారి అవతల ఊరి దాక పోతదంటున్నరు. 270ది తీసుకుందామనుకుంటున్న. నువ్వేమంటవ్?" అని కొడుకు నన్నడిగాడు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇద్దరూ చూడని సంగతి ఇంకొకటి ఉంది. ఈ రాత దాని గురించే.

ముందు చట్టం మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వచ్చాక మన దగ్గర సరదా వేట ముగిసింది. పంట నాశనం చేస్తున్న అడవిపందిని కాల్చాలంటే అదే చట్టం సెక్షన్ 11 కింద కారణాలు చూపిస్తూ అధికారి ఇచ్చిన రాతపూర్వక ఉత్తర్వు చేతిలో ఉండాలి. కాల్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. దాని మాంసం ఒక్క ముక్క కూడా ఎవరి ఇంటికీ పోవడానికి లేదు. ఇదంతా తలనొప్పి అనుకుని మక్క చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ పెట్టేవాళ్ళు మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ తీగకు పంది ఒక్కటే పడదు. పక్క చేను రైతు పడతాడు, ఎద్దు పడుతుంది, పులి కూడా పడింది. తీగ కన్నా తూటా వెయ్యి రెట్లు నయమని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఆ తూటా ఎటు పోతుందో కాల్చేవాడికి తెలిసి ఉండాలి.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాను. పందికి .375 అక్కర్లేదు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్, దాని 244 గ్రెయిన్ల సాఫ్ట్ నోస్ (తగలగానే విచ్చుకునే మెత్తని సీసం ముక్కున్న) తూటా ఈ పనికి చాలు. కానీ వీళ్ళ లైసెన్సు మీద ఉన్నది ఈ రైఫిలే, చేతికి అలవాటైనదీ ఇదే. రాత్రిపూట మంచె మీద అలవాటు లేని ఆయుధం కన్నా అలవాటైన పెద్ద ఆయుధం మేలు.

రైఫిల్ పరిస్థితి

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయాలి కదా. ఈ రైఫిల్ కూడా అలా ఎన్నోసార్లు వానాకాలం గోదాముల్లో పడి ఉంది. కట్ట నీరు పీల్చి ముందు భాగంలో ఉబ్బింది. యాక్షన్ కింద ఉండే రికాయిల్ లగ్ (కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే దెబ్బను చెక్క మీదికి పంపే దిమ్మ) చెక్కకు పూర్తిగా ఆనడం లేదు, ఒక పక్క మాత్రమే తగులుతోంది. లగ్‌కు సన్నగా మసి పూసి, కట్టలో కూర్చోబెట్టి తీస్తే మచ్చ ఎడమవైపే పడింది. .375 లాంటి దెబ్బ గట్టి రైఫిల్‌కు ఇది చిన్న సంగతి కాదు. ప్రతి షాటుకూ యాక్షన్ కొంచెం పక్కకు తిరుగుతుంది, గ్రూపు (ఒకే గురికి తూటాలు పడే గుంపు) చెదురుతుంది, కొన్నాళ్ళకు కట్ట చీలుతుంది. బుల్లెట్ ఎంపిక గురించి మాట్లాడే ముందు దీన్ని సరిచేశాను. బెడ్డింగ్, అంటే యాక్షన్ కట్టలో కూర్చునే తీరు, వదులుగా ఉన్న రైఫిల్‌తో బుల్లెట్లను పోల్చి చూస్తే వచ్చే ఫలితం కట్ట గురించి చెబుతుంది తప్ప బుల్లెట్ గురించి చెప్పదు.

బ్యారెల్ లోపల మూతి దగ్గర కొంచెం తుప్పు మచ్చలున్నాయి. పాతకాలం ప్రైమర్లలో ఉప్పు జాతి పదార్థం మిగిలిపోయి చెమ్మను లాగుతుంది. కాల్చిన రోజే వేడినీళ్ళతో కడగకపోతే ఇలాగే అవుతుంది. బుల్లెట్‌ను తిప్పే రైఫ్లింగ్ గాట్లు మాత్రం పదునుగా ఉన్నాయి, మూతి అంచు చెదరలేదు.

నిజానికి నాకు అన్నిటికన్నా విలువైన ఆధారం బ్యారెల్ మీద చెక్కిన చిన్న అక్షరాల్లో దొరికింది: 300 గ్రెయిన్లు. బ్యాక్‌సైట్‌కు (గురి చూసే వెనక గాడికి) మూడు ఆకులు, అంటే సన్నని పలకలు, ఒకటి నిలిచి ఉండేది, రెండు మడిచేవి. అంటే తయారు చేసినవాళ్ళు ఈ రైఫిల్‌ను 300 గ్రెయిన్ల తూటాతోనే కాల్చి చూసి, దానికి తగ్గట్టు ఆకుల ఎత్తు ఆకురాయితో సరిచేసి పంపారు. ఆర్డరిచ్చి చేయించుకున్న రైఫిల్‌కు అసలు అర్థం ఇదే.

తూటా సంగతి

.375 హాలండ్ అండ్ హాలండ్ 1912లో వచ్చింది. మొదటి నుంచీ దీనికి మూడు బరువులు: 235, 270, 300 గ్రెయిన్లు. గ్రాముల్లో దాదాపు 15.2, 17.5, 19.4. 300 గ్రెయిన్లది ఇప్పటి ఫ్యాక్టరీ తూటాల్లో సెకనుకు సుమారు 2,500 అడుగుల వేగంతో వెళుతుంది.

ఈ తూటా కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) చూస్తే మెడ వైపుకు బాగా సన్నబడుతూ పోతుంది. అప్పట్లో ఇందులో వాడిన కార్డైట్ మందుకు ఎండ పడదు. వేడెక్కితే పీడనం పెరుగుతుంది, కేసు చాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) గోడలకు పట్టుకుపోతుంది. ఇలా వాలుగా ఉన్న కేసు బోల్టు ఎత్తగానే సులువుగా వదులుతుంది. వేడి దేశాల కోసమే ఇలా చేశారు. మే నెలలో వరంగల్ ఎండ తెలిసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి మందులు వేడికి అంత లొంగవు. అయినా తూటాల డబ్బా కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దని నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఇంట్లో తూటాలు నింపుకునే మాట మన దగ్గర లేదు. లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే ఆయుధాల చట్టం కింద నేరం. కాబట్టి డీలర్ దగ్గర దొరికే ఫ్యాక్టరీ తూటాల్లోంచే ఎంచుకోవాలి. వీళ్ళకు అందుబాటులో ఉన్నవి ఇవి: 300 గ్రెయిన్ల గుండ్రని ముక్కు సాఫ్ట్ నోస్, 300 గ్రెయిన్ల పొడుగు రాగి బుల్లెట్, 270 గ్రెయిన్ల మొనదేలిన సాఫ్ట్ పాయింట్. వీటికి తోడు తాతగారి పెట్టెలో మిగిలిన పాత 300 గ్రెయిన్ల సాలిడ్లు.

సాలిడ్లను చూడగానే పక్కన పెట్టించాను. గట్టి తొడుగుతో, ముక్కు విచ్చుకోకుండా ఏనుగు పుర్రెలోకి దిగడానికి చేసినవి అవి. పందిలో సన్నని రంధ్రం చేసి దాటిపోతాయి, పంది గంటల తరబడి నరకపడుతుంది. నేలకు తగిలితే చెక్కుచెదరకుండా ఎగిరి ఇంకా దూరం పోతాయి. మక్క చేనులో సాలిడ్ వాడడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

బరువు అంటే ఏం కొలవాలి

పెద్దాయన "దొడ్డు గుండు" అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది బరువు. కానీ శరీరంలోకి ఎంత లోతుగా దిగుతుందో చెప్పేది బరువొక్కటే కాదు, ఆ బరువు ఎంత మందం మీద పరుచుకుందన్నది కూడా. పౌండ్లలో బరువును అంగుళాల్లో వ్యాసం వర్గంతో భాగిస్తే సెక్షనల్ డెన్సిటీ వస్తుంది. .375లో 300 గ్రెయిన్లకు 0.305, 270కి 0.274, 235కి 0.239. పోల్చుకోవాలంటే .30-06 (వేటలో వాడే ఇంకో రకం తూటా)లో మామూలు 180 గ్రెయిన్ల బుల్లెట్‌కు 0.271. అంటే లోతు విషయంలో 270 గ్రెయిన్ల .375, ఆ 180 గ్రెయిన్ల .30-06 ఇంచుమించు ఒకే తరగతి. 300కు వచ్చేసరికి తరగతి మారుతుంది.

ఈ లెక్క విచ్చుకోని బుల్లెట్‌కు నేరుగా వర్తిస్తుంది. సాఫ్ట్ నోస్ తగిలిన మరుక్షణం వెడల్పవుతుంది, అప్పుడు లెక్క మారిపోతుంది. అందుకే బరువు తర్వాత చూడాల్సింది తొడుగు మందం, సీసం గట్టిదనం, తగిలేటప్పటి వేగం.

ట్విస్ట్, అంటే బ్యారెల్ లోపలి గాట్లు ఎంత దూరానికి ఒక చుట్టు తిరుగుతాయన్నది, దాని గురించి చాలామంది కంగారు పడతారు. బరువు బుల్లెట్ పొడుగ్గా ఉంటుంది, పొడుగు బుల్లెట్‌ను నిలకడగా తిప్పడానికి వేగంగా తిరిగే గాట్లు కావాలి, ఇది నిజమే. కానీ ఈ బ్యారెల్‌లో గాట్లు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆ ట్విస్ట్‌లో 300 గ్రెయిన్ల బుల్లెట్లన్నీ, పొడుగు రాగివి కూడా, నిక్షేపంగా నిలబడతాయి. ఈ రైఫిల్‌లో అది సమస్యే కాదు.

సమస్య ఇంకోచోట ఎదురైంది. మ్యాగజైన్‌లో కింద ఉన్న తూటాలు పైది పేలిన ప్రతిసారీ ముందుకు జరిగి మ్యాగజైన్ గోడకు గుద్దుకుంటాయి. 270 మొనదేలినది కదా, దాని సీసం మొన రెండు మూడు షాట్లకే చప్పిడై పక్కకు వంగింది. గుండ్రని ముక్కుది దాదాపు అలాగే ఉంది. మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి జారడంలో కూడా గుండ్రని ముక్కే మెత్తగా వెళ్ళింది. చీకట్లో రెండో తూటా కావాల్సి వచ్చినప్పుడు ఇది అక్షరాలా ప్రాణం మీది సంగతి. గాయపడ్డ మగపంది మనిషి మీదికి వస్తుంది.

రేంజి మీద

అనుమతి ఉన్న రేంజిలో 50 మీటర్ల దగ్గర, ఇసుక మూటల మీద ఆనించి కాల్చాం. నిలిచి ఉన్న ఆకుతో 300 గుండ్రని ముక్కు బుల్లెట్లు గురిపెట్టిన చోటే, అంగుళంన్నర లోపల కూడుకున్నాయి. బెడ్డింగ్ సరిచేసిన ఫలితం అక్కడే తెలిసింది. 270లు కూడా దగ్గర దగ్గరగానే పడ్డాయి, కానీ గుంపు మొత్తం రెండు అంగుళాలు కిందికి దిగింది. కొడుకు ఆశ్చర్యపోయాడు, వేగంగా పోయేది పైన పడాలి కదా అని. దగ్గరి దూరంలో అలా జరగదు. బరువు బుల్లెట్ నెమ్మదిగా కదులుతూ బ్యారెల్‌లో ఒక్క పిసరు ఎక్కువసేపు ఉంటుంది, రికాయిల్ కూడా ఎక్కువ. బుల్లెట్ బయటపడేలోగా మూతి కొంచెం ఎక్కువ పైకి లేస్తుంది. సైట్లు ఆ లేవడాన్ని లెక్కలోకి తీసుకుని చేసినవి. తేలికపాటిది తొందరగా బయటపడుతుంది కనుక కింద తగులుతుంది.

పొడుగు రాగి బుల్లెట్లు ఈ బ్యారెల్‌లో మూడంగుళాల దాకా చెదిరాయి. మంచి బుల్లెట్లే, వేరే రైఫిల్‌లో బాగా పడొచ్చు. ఈ రైఫిల్‌కు నప్పలేదు.

తర్వాత దినపత్రికల కట్టలు రాత్రంతా నానబెట్టి, వరసగా పేర్చి కాల్చాం. తడి కాగితం పంది కండ కాదు. బుల్లెట్‌ను బుల్లెట్‌తో పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. 270 తొందరగా, వెడల్పుగా విచ్చుకుని అడుగు లోతు కన్నా కొంచెం ఎక్కువ దిగి ఆగింది. 300 సాఫ్ట్ నోస్ అడుగున్నర దాటింది. దొరికిన వాటిని బంగారు కొట్టులో త్రాసు మీద పెట్టించాను. 270ది 17.5 గ్రాముల్లో 11 చిల్లర మిగిలింది, 300ది 19.4లో 15 పైన. 300ది తొడుగు వెనక్కి మడుచుకుని, సీసం పుట్టగొడుగులా విచ్చుకుని, అడుగు భాగం మాత్రం కొత్తదానిలా నిలిచి ఉంది. 300ని ఎంచుకోవాలన్న నా ఆలోచన ఆ అడుగు భాగాన్ని చూశాకే గట్టిపడింది.

బయటికి వచ్చే బుల్లెట్

ఇక కొడుకు భయం. 300 పందిలోంచి దాటిపోతుంది. అవును, దాటిపోతుంది. దాటిపోవాలి కూడా.

మగపంది భుజాల మీద చర్మం కింద మందపాటి గట్టి కణజాలం డాలులా ఉంటుంది. పైన బురద పూత, బిరుసు వెంట్రుకలు, లోపల కొవ్వు. బుల్లెట్ లోపలికి వెళ్ళిన రంధ్రాన్ని ఆ కొవ్వు మూసేస్తుంది. రెండో వైపు రంధ్రం లేకపోతే నెత్తురు నేల మీద పడదు, మక్క చేనులో రాత్రిపూట జాడ దొరకదు. తెల్లారేదాకా గాయపడ్డ జంతువు చేనులోనే ఉంటుంది. పొద్దున్నే ఆ చేనులోకి కలుపు తీయడానికి ఆడవాళ్ళు దిగుతారు. కాబట్టి బుల్లెట్ బయటికి రావాలి.

వచ్చాక అది ఎక్కడ దిగాలన్నది బుల్లెట్ చూసుకోదు, మంచె చూసుకోవాలి. కాగితం మీద గీసి ఇద్దరికీ చూపించాను. కింద కూర్చుని కాలిస్తే బ్యారెల్ ఎత్తు మూడడుగులు. 40 మీటర్ల దూరంలో పంది రొమ్ము ఎత్తు అడుగున్నర. దాటిన బుల్లెట్ ఇంకో 40 మీటర్లు పోతే గానీ నేలను తాకదు. అది కూడా దాదాపు నేలను రాసుకుంటూ తాకుతుంది, ఎగిరి ఎటైనా పోతుంది. 12 అడుగుల మంచె మీద కూర్చుంటే బ్యారెల్ 15, 16 అడుగుల ఎత్తులో ఉంటుంది. అదే 40 మీటర్లకు బుల్లెట్ పంది వెనక నాలుగు మీటర్లలోనే నేలలో దిగుతుంది, కోణం ఆరు డిగ్రీలు. పంది 25 మీటర్లకు వచ్చేదాకా ఆగితే రెండున్నర మీటర్లే, కోణం పది డిగ్రీలు. కోణం ఎంత పెరిగితే బుల్లెట్ ఎగిరే ప్రమాదం అంత తగ్గుతుంది. తడిసిన నల్లరేగడి దాన్ని మింగుతుంది. ఎండిన మొరం నేల, రాళ్ళున్న గట్టు మింగవు. ఆ నేలల్లో ఈ కోణానికి కూడా నేను ఒప్పుకోను.

ఇద్దరూ చూడని సంగతి ఇదే. 270 వేసినా రొమ్ములో పక్క నుంచి తగిలితే చాలాసార్లు దాటిపోతుంది, కాబట్టి దాని మీద భరోసా పెట్టుకుని కింద కూర్చోవడం మరీ ప్రమాదం. బుల్లెట్ బరువు, మంచె ఎత్తు, వెనక నేల, ఈ మూడూ కలిపి ఒకే నిర్ణయం.

300 గ్రెయిన్ల గుండ్రని ముక్కు సాఫ్ట్ నోస్ ఖాయం చేశాం. షరతులు రాసిచ్చాను: మంచె 12 అడుగులకు తగ్గొద్దు, 30 మీటర్లు దాటి కాల్చొద్దు, మంచెకు ఊరు వెనకవైపు ఉండాలి, కాల్పుల దిశలో ఇళ్ళు గానీ దారి గానీ ఉండొద్దు, పంది వెనక ఇంకో పంది ఉంటే ఆగాలి. ఒకే లాట్ నంబరు ఉన్న (ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైన) తూటాలు ఏడాది కోటా మొత్తానికి ఒకేసారి కొనుక్కోమన్నాను. లాట్ మారితే తగిలే చోటు మారుతుంది.

చేనులో

ఉత్తర్వు వచ్చేసరికి మక్క పాలకంకి మీదుంది. ఫారెస్ట్ సిబ్బంది కింద ఉండగా మంచె మీంచి కాల్చినది పెద్ద మగపంది, పక్కకు కొంచెం తిరిగి నిలబడింది. బుల్లెట్ ముందు భుజం ఎముకను విరిచి రెండో వైపు పక్కటెముకల మధ్య బయటికొచ్చింది. పంది పది పన్నెండు గజాలు పోయి పడింది. మక్క కర్రల మీద రెండు వైపులా నెత్తురు చిమ్మి ఉందని, టార్చి వేయగానే దారి కనిపించిందని కొడుకు చెప్పాడు. పొద్దున పంది నిలబడ్డ చోటికి రెండు మీటర్ల అవతల మట్టిలో రంధ్రం కనపడితే, ఫారెస్ట్ సిబ్బంది చూస్తుండగానే తవ్వి బుల్లెట్ తీశారు. జానెడు లోతులో ఉంది. ఒక పక్క రెక్క ఊడింది, ఎముక పొడి అతుక్కుని ఉంది, అడుగు భాగం చెదరలేదు. పందిని అక్కడే పూడ్చిపెట్టారు.

అదే సీజన్‌లో కాల్చిన ఇంకొకటి చిన్న పంది, సరిగ్గా అడ్డంగా నిలబడింది. బుల్లెట్ ఎముకకు తగలకుండా ఊపిరితిత్తుల్లోంచి వెళ్ళింది. ఆ పంది అరవై గజాల దాకా పరుగెత్తింది. బయటి రంధ్రం బొటనవేలంత మాత్రమే. 300 గ్రెయిన్ల బుల్లెట్ పెద్ద జంతువుల కోసం గట్టిగా చేసింది, సన్నని శరీరంలో పూర్తిగా విచ్చుకునేంత అడ్డు దానికి దొరకదు. అక్కడ 270 అయితే తొందరగా కూల్చేది, ఇందులో సందేహం లేదు. అయినా నా సలహా మార్చలేదు. చీకట్లో వచ్చేది పిల్ల పందో, డాలున్న మగపందో ముందే తెలియదు. సైట్లు 300కే ఉన్నాయి. నెత్తురు జాడ రెండు సార్లూ దొరికింది. చిన్నవాటికి భుజం మధ్యకే గురిపెట్టమన్నాను, ఎముక తగిలితే బుల్లెట్ విచ్చుకుంటుంది. మాంసం పాడవుతుందన్న బాధ ఇక్కడ ఎలాగూ లేదు.

కొడుకు స్కోపు అడిగాడు. తాతగారి కాలం నాటి యాక్షన్‌కు బొక్కలు వేయడం నాకు ఇష్టం లేదు, 30 మీటర్లకు అవసరమూ లేదు. బదులుగా ఫ్రంట్‌సైట్‌కు పెద్ద తెల్ల పూస పెట్టాను.

కొడుకు అప్పటికే కొన్న 270 తూటాలు వృథా పోలేదు. 270 కింద తగులుతుంది కనుక బ్యాక్‌సైట్ ఎత్తు పెరగాలి. మడిచే ఆకుల్లో మొదటిది లేపి 50 మీటర్లకు కాలిస్తే గుంపు గురికి అరంగుళంలోకి వచ్చింది. రేంజి మీద సాధనకు ఆ ఆకు, ఆ తూటాలు. మంచె ఎక్కే ముందు ఆకు మడిచి, మ్యాగజైన్‌లో 300లు తప్ప ఇంకేవీ లేవని చేత్తో తడిమి చూసుకోవాలి. పాత సాలిడ్లను లెక్క రాయించి డీలర్‌కు అప్పగించారు.